అనుదిన పరిచర్యలో మరువబడినవారు

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 6:1–7



ఈ దినములలో మన గ్రామములలో నలుగురు కూడినచోట, అది రచ్చబండ యైనను, దేవాలయపు ఆవరణ యైనను, ఉద్యోగముల మాట రాక మానదు. ఎవరికి రిజర్వేషను కలదు, ఎవరికి లేదు, ఎవరి వాటా ఎవరు తినివేసిరి అను వాదము లేచును. ఇది లోకసంబంధమైన సంగతి, ప్రసంగపీఠమునకు తగదని కొందరందురు. అయితే యెరూషలేము సంఘములో విశ్వాసులలో ఒక గుంపు మరియొక గుంపుమీద సణిగినప్పుడు, ఆ సణుగుడు సిద్ధాంతమును గూర్చినది కాదు, పంపకమును గూర్చినది. పరిశుద్ధాత్మ దేవుడు దానిని లేఖనములలో వ్రాయించుటకు సిగ్గుపడలేదు. కావున మనమును దానిని చదువుటకు సిగ్గుపడనక్కరలేదు.

జరిగిన సంగతి ఏమనగా, శిష్యుల సంఖ్య పెరిగినప్పుడు, అనుదినము జరుగు వడ్డనలో గ్రీకుభాష మాటలాడు యూదుల విధవరాండ్రు చిన్నచూపునకు గురియైరి. వడ్డించువారు హెబ్రీయులు. వారు దుష్టులని లేఖనము చెప్పలేదు. తెలిసిన ముఖములు ముందు కనబడును, తన భాష మాటలాడువారి కేక ముందు వినబడును, అంతియే. ద్వేషము లేకుండనే అన్యాయము జరుగవచ్చును.

అపొస్తలులు చేసినదానిని మూడు మెట్లుగా గమనింపుడి.

మొదటిది: వారు ఫిర్యాదును పాపమని కొట్టివేయలేదు. సంఘములో చీలికలు తెచ్చుచున్నారని ఆ విధవరాండ్రను గద్దింపలేదు. ఆకలిగొన్నవాని మాట కటువుగానున్నను, అందులో నిజమున్నయెడల వినవలసినదే.

రెండవది: ఏర్పరచబడిన ఏడుగురి పేర్లు చూడుడి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడును గ్రీకు పేర్లే. కడపటివాడు పుట్టుకచేత యూదుడు కూడ కాడు, అంతియొకయనుండి వచ్చి యూదుల మతములో ప్రవేశించినవాడు. ఏ గుంపు మరువబడెనో, పంపకపు అధికారము ఆ గుంపువారి చేతిలోనే పెట్టబడినట్లు ఆ పేర్లు చూపుచున్నవి.

మూడవది: యోగ్యత విడువబడలేదు. మంచి పేరు పొందినవారు, ఆత్మతోను జ్ఞానముతోను నిండుకొనినవారు కావలెనని అపొస్తలులు నిర్ణయించిరి. అటువంటివారు మరువబడిన గుంపులో దొరకరని ఎవరును తలంపలేదు. వెదకిరి, దొరకిరి. వారిలో ఒకడు సంఘమునకు మొదటి హతసాక్షి యాయెను. మరియొకడు సమరయకు సువార్త కొనిపోయెను.

ఇక మన కాలపు సంగతికి వత్తము. రిజర్వేషను వలన యోగ్యత చెడునని చెప్పువారు కలరు. మత్తయి సువార్త 20వ అధ్యాయములోని ద్రాక్షతోట యజమానుని ఉపమానము వారు మరల చదువవలెను. ప్రొద్దుగ్రుంకు వేళ సంతవీధిలో నిలిచియున్నవారిని, దినమంతయు ఏల ఊరక నిలిచితిరని యజమానుడు అడిగెను. తమ్మును ఎవరును పనికి పిలువలేదని వారు చెప్పిరి. వారు సోమరులు కారు, పిలుపు రాలేదు. మన తాతలను బడి అరుగు ఎక్కనియ్యనిది ఎవరు? చెరువు నీరు ముట్టనియ్యనిది ఎవరు? తరతరములు పిలువబడనివారిని ఒక తరములో పిలిచి, యోగ్యత లేదనుట న్యాయము కాదు.

మన తెలుగు దేశపు సంఘ చరిత్రలోనే ఇందుకు సాక్ష్యమున్నది. 1876 మొదలు 1878 వరకు వచ్చిన గొప్ప కరవులో ఒంగోలు మిషనెరీ క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టు పుచ్చుకొనిరి. బోధకులు మేస్త్రీలుగా నిలువగా, అంటరానివారని త్రోసివేయబడినవారు అక్కడ పలుగు పారలు పట్టి, కూలి పుచ్చుకొని ప్రాణములు నిలుపుకొనిరి. మరియొక సంగతి మరువకుడి: ఆ కరవు కాలమందు ఆయన బాప్తిస్మములు ఆపివేసిరి, రొట్టెకొరకు ప్రభువును ఒప్పుకొనిరను నింద రాకుండునట్లు. కరవు తీరిన తరువాత 1878 జూలై 3న ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కూలి వేరు, విశ్వాసము వేరు. కూలి న్యాయముగా ఇయ్యబడెను. విశ్వాసము వెలపెట్టి కొనబడలేదు.

అట్లే 1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్యగారు బిషప్పుగా అభిషేకింపబడి దోర్నకలు అధ్యక్షపీఠమునకు వచ్చిరి. ఆంగ్లికన్ సంఘములో ఆయన మొదటి భారతీయ బిషప్పు. భారతీయునికి ఆ పదవి తగునా అని అప్పుడు సందేహించినవారు కలరు. 1945లో ఆయన మరణించునాటికి దోర్నకలు అధ్యక్ష మండలము పొందిన అభివృద్ధియే వారికి జవాబు.

అయితే, ప్రియులారా, నేడు మనలను ఎక్కువగా బాధించు ముల్లు వేరొకటి. 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము, హిందూ మతము గాక వేరు మతమును అవలంబించువారు షెడ్యూల్డు కులస్థులుగా ఎంచబడరు. పిమ్మట 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ద్వారము తెరువబడెను. క్రైస్తవులకు తెరువబడలేదు. గిరిజనులకు ఇట్టి మత నిబంధన లేదు. మన రెండు తెలుగు రాష్ట్రములలో షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతులలో ‘సి’ గుంపుగా ఎంచబడి నూటికి 1 వంతు పొందుదురు. షెడ్యూల్డు కులములవారికి 15 వంతులు. అత్యాచారముల నిరోధక చట్టపు రక్షణయు ఈ భేదమునుబట్టియే మనకు దూరమగుచున్నది. 2007లో రంగనాథ మిశ్రా కమీషను ఈ మత నిబంధనను తీసివేయుమని సిఫారసు చేసెను. 2022లో కేంద్ర ప్రభుత్వము బాలకృష్ణన్ గారి అధ్యక్షతన మరియొక కమీషనును నియమించెను. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులను ఆ జాబితాలో చేర్చుమని తీర్మానించెను.

నా అభిప్రాయము దాచను. ఈ నిబంధన అన్యాయమైనది. బాప్తిస్మపు నీరు పాపమును కడుగునని మనము సాక్ష్యమిత్తుము గాని, ఊరివారి కన్నులలో మన కులమును అది కడుగలేదు. పేట మారలేదు, పొలము రాలేదు, హోటలులో వేరు గ్లాసు చూచినవారు మనలో ఇంకను ఉన్నారు. అట్టి అన్యాయమును బహిరంగముగా చెప్పవలెను. పౌలు ఫిలిప్పీలో కొట్టబడిన తరువాత తన రోమా పౌరసత్వపు హక్కును నోరు విప్పి అడిగెను. హక్కు అడుగుట అవిశ్వాసము కాదు.

కాని హక్కు అడుగుట ఒకటి, అబద్ధము వ్రాయుట మరియొకటి. ఆదివారము ప్రభువు బల్లయొద్దకు వచ్చి, సోమవారము తహసీలుదారు కార్యాలయములో క్రీస్తును ఎరుగనని సంతకము చేయు దుస్థితి మన యౌవనస్థులకు కలుగుచున్నది. 2024 నవంబరు 26న సుప్రీముకోర్టు, క్రైస్తవ విశ్వాసములో జీవించుచు కేవలము రిజర్వేషను కొరకు హిందువునని చెప్పుకొనుట రాజ్యాంగమును మోసగించుటయే అని తీర్పు చెప్పెను. కోర్టు చెప్పకపోయినను, ప్రధానయాజకుని ముంగిట చలిమంట కాచుకొనుచు పేతురు పలికిన మాట మనకు తెలియును గదా.

అయినను కాపరులారా, పెద్దలారా, ఇక్కడ మెల్లగా నడువుడి. పేతురు బొంకినప్పుడు ప్రభువు తిరిగి అతని చూచెను; అతనిని త్రోసివేయలేదు. కడుపు నిండినవాడు ఆకలిగొన్నవానికి సత్యము బోధించుట సుళువు. ఒక విధవరాలి కుమారుడు నిజమైన సర్టిఫికెట్టు పెట్టి, ఒక్క వంతు వాటాలో సీటు దొరకక ఇంటికి తిరిగివచ్చిన దినమున సంఘము ఎక్కడ నుండెను? వాడు సత్యము పలికినందుకు ఒంటరిగా వెల చెల్లింపవలెనా? సత్యము కావలెనని కోరు సంఘము ఆ సత్యపు ఖర్చులో పాలుపంచుకొనవలెను. కోతపండుగ కానుకలలో ఒక భాగము అట్టి బిడ్డల ఫీజుకు, పరీక్షల పుస్తకములకు ప్రత్యేకింపుడి. సంఘములో ఉద్యోగస్థులైనవారు వారమునకు ఒక సాయంకాలము వారికి చదువు చెప్పుడి. ఇది చేయక, ఒకరి సర్టిఫికెట్టును గూర్చి మరియొకరు పై అధికారులకు ఆకాశరామన్న ఉత్తరములు వ్రాయుట క్రైస్తవుల పని కాదు.

ఇంకొక పుండు కూడ ముట్టవలెను. షెడ్యూల్డు కులములలో ఉపవర్గీకరణ సంగతి మన సంఘములను చీల్చినది. 1994లో లేచిన మాదిగ దండోరా ఉద్యమము మొదలు ఈ కోరిక వినబడుచున్నది. 2004లో సుప్రీముకోర్టు దానిని కొట్టివేసెను. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తులలో ఆరుగురు అది చెల్లునని తీర్పు చెప్పిరి. 2025లో తెలంగాణలో 1, 9, 5 వంతులుగాను, ఆంధ్రప్రదేశ్‌లో రెల్లివారి గుంపునకు 1, మాదిగల గుంపునకు 6½, మాలల గుంపునకు 7½ వంతులుగాను విభజింపబడెను. దీనిని మెచ్చినవారు, నొచ్చినవారు ఇద్దరును మన బెంచీలమీద ప్రక్కప్రక్కన కూర్చుందురు.

మరువబడినవారి ఫిర్యాదు వినుట యెరూషలేము సంఘపు మార్గము గనుక, ఇంటిలో ముందుగా అన్నము తినినవాడు వెనుకనున్న తమ్మునికి కంచము జరుపుట న్యాయమని నేను తలంచుచున్నాను. లెక్కలు సరిగా లేవని, ఐక్యత చెడునని చెప్పువారిలోను యథార్థవంతులు కలరు. దీనినిగూర్చి వాదించుకొనవచ్చును. కాని వాదము ప్రభువు బల్లయొద్దకు రాకూడదు. మాలల గుడి యనియు, మాదిగల గుడి యనియు ఒకే ఊరిలో రెండు గంటలు మ్రోగుచున్నచో, ఆ రెండవ గంట ప్రభుత్వము కట్టినది కాదు; మనమే కట్టితిమి. మరి రెల్లి సహోదరుడు మన సంఘ కమిటీలో ఎక్కడనున్నాడు? వీధులూడ్చి తెల్లవారకముందే లేచు ఆ సహోదరి పేరు మన రిజిష్టరులో నున్నదా?

కడపటి మాట మన సొంత ఇంటినిగూర్చి. ప్రభుత్వమును న్యాయమడుగు మనము, మన మిషను బడులలో, ఆస్పత్రులలో, హాస్టళ్లలో పని ఎవరికి ఇచ్చుచున్నాము? రాజ్యాంగము 30వ అధికరణములో అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను నడుపుకొను హక్కు ఇచ్చినది. ఆ హక్కు ఒక కమిటీ మెంబరు మేనల్లునికి, కోశాధికారి కోడలికి ఇయ్యబడలేదు. కావున ఖాళీ వచ్చినప్పుడు గ్రామ సంఘములన్నిటిలో ఆరాధన యందు ప్రకటన చేయవలెను. దరఖాస్తుదారుని బంధువు ఎంపికలో కూర్చుండరాదు. స్త్రీలును, తక్కువ సంఖ్యగల కులములవారును ఎంపిక కమిటీలో నుండవలెను. ఎన్నుకొనబడినవాని యోగ్యత సంఘము ముందు చెప్పవలెను. ఆ ఏడుగురిని ఎన్నుకొనినది జనసమూహమంతయు గదా. గదిలో ఇద్దరు ముగ్గురు కాదు.

అట్లు చేసినప్పుడు కలిగిన ఫలమేమి? దేవుని వాక్యము ప్రబలెననియు, శిష్యుల సంఖ్య బహుగా విస్తరించెననియు, యాజకులలో అనేకులు విశ్వాసమునకు లోబడిరనియు 7వ వచనములో చదువుదుము. వడ్డన సరియైనచోట వాక్యము విస్తరించెను. మన ఊళ్లలో సువార్త ఏల ముందుకు సాగదని అడుగువారు, ముందు మన వడ్డన పంక్తిని చూచుకొనుదురు గాక.

ప్రార్థన: పక్షపాతము లేని తండ్రీ, మేము మరచినవారిని నీవు మరువలేదు. సత్యము పలుకుటకు మా బిడ్డలకు ధైర్యమును, వారి భారము మోయుటకు మా సంఘములకు ప్రేమను దయచేయుము. మా ఊళ్లలో ఒక్క గంట, ఒక్క బల్ల ఉండునట్లు చేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.