వార్ధకమున ఉపవాసము

ఆరోగ్యప్రదాతయగు సూర్యనారాయణస్వామిని సేవింప అరసవల్లికి వచ్చువారిలో వృద్ధులు పెక్కురు. వారిలో కొందఱు ఆదివారము, శనివారము, ఏకాదశి యని తఱచుగ ఆహారము విడుతురు. దేహము కృశించుకొలది పుణ్యము పెరుగునని వారి తలంపు. మఱికొందఱు ఈ వయసున నియమమేలయని మూడుపూటలు వరియన్నమే భుజించి అరుగు దిగరు. ఈ రెంటిలో ఏది ధర్మము?

చరకసంహిత నింద్యములైన ఎనిమిది దేహములను చెప్పుచు అతిస్థూలుని, అతికృశుని ఒక్క పంక్తినే నిలిపినది. మితిమీఱి తినువానికిని, బొత్తిగ తిననివానికిని యోగము కుదురదని గీత ఆఱవ అధ్యాయమున భగవానుని ఉపదేశము. నేటి వైద్యమును దీనికి దూరము గాదు. వయసు మీఱుకొలది కండ తఱిగి కొవ్వు చేరును. తూకములో అంకె మాఱకున్నను బలము తగ్గును. నడుముచుట్టు చేరిన కొవ్వు మధుమేహమునకును, రక్తపుపోటునకును దారితీయును. ప్రయత్నింపకయే బరువు తగ్గుటయు శుభము గాదు. అది లోపలి రోగమునకు సూచన కావచ్చును. కండ సడలిన వృద్ధుడు కాలుజాఱి పడిన తుంటియెముక విఱుగును. పిదప మంచమే గతి.

అట్లయిన వ్రతభంగము కాదా యని శంక కలుగును. ఏకాదశిని విధించిన స్మృతియే దానిని ఎనిమిదేండ్లు దాటినవారికి, ఎనుబది నిండనివారికి మాత్రమే విధించినది. ఆ లోపలనైనను అశక్తులకు ఒంటిపూట హవిష్యాన్నము కలదు. నీరు, కందమూలములు, ఫలములు, పాలు, ఔషధము, గురువాక్యము వ్రతమును చెఱుపవని భారతము చెప్పుచున్నది. మధుమేహమునకు ఇన్సులిన్ తీసికొనువాడు ఆహారము మానినచో రక్తమున చక్కెర పడిపోయి ప్రాణమునకే ముప్పు. అట్టివానికి వైద్యుని మాటయే గురువాక్యము. ఉపవాసమనగా సమీపమున వసించుట. ఆకలిచే సొమ్మసిల్లిన మనస్సు ఏ దేవుని సమీపమున వసింపగలదు?

అజ్జాడలో 1864లో జన్మించిన ఆదిభట్ల నారాయణదాసు 1945 వఱకు జీవించి విజయనగరమునకు కీర్తి తెచ్చెను. హరికథ కూర్చుండి చెప్పునది గాదు. కాళ్ల గజ్జెలతో, చేత చిడతలతో గంటలకొలది నిలిచి ఆడవలెను, పాడవలెను. గళముతోపాటు ఊపిరియు, పిక్కల సత్తువయు లేక ఆ భగవత్సేవ సాగదు.

సామాన్యునకును సేవ కలదు. దానికి తగిన బలమును కావలెను. తాతలనాటి చోడి అంబలి, ఉలవలు, పప్పు, పాలు కండను నిలుపును. చక్కెరపొంగలి ప్రసాదముగ చిటికెడు చాలును. వారమునకు 150 నిమిషముల నడకయు, బలమునిచ్చు వ్యాయామమును, తూలిపడకుండ నిలుచు అభ్యాసమును వృద్ధులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినవి. ఓపిక కొలది చేయు ప్రదక్షిణమును నడకయే.

దేహమును శోషింపజేయుట తపస్సు గాదు, మేపుట భక్తి గాదు. ధ్వజస్తంభము చెంత మోకరిల్లి, ఒరుల చేయూత లేక లేవగలిగిన నాడు ఆ దేహపు బరువు తగినదే. అట్టి సత్తువను ప్రత్యక్షనారాయణుడు పెద్దలకెల్ల ప్రసాదించుగాక.