కణమునందలి కర్త

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున కర్మసిద్ధికి అధిష్ఠానము, కర్త, కరణములు, చేష్టలు, దైవము అను నైదు హేతువులు చెప్పబడి, ఇట్లుండగా తానొక్కడే కర్తనని తలంచువాడు యథార్థమును చూడజాలడని నిర్ణయింపబడినది. దీనిని మనవారు ప్రాయికముగా అహంకారమును మాన్పు బోధగానే గ్రహించిరి. నాకు మాత్రము, జీవకణమున జరుగు నొక సూక్ష్మవ్యాపారమును పరిశీలించినకొలది, ఇది కార్యకారణవిచారమున కూడ నిలువదగిన మాటయని తోచుచున్నది. ఋషులకు ఎంజైములు తెలిసియుండెనని వాదించువారి పక్షమున నేను లేను. వారు ప్రశ్నను చక్కగా వేసిరి, అంతియే చాలును.

భోజనానంతరము రక్తమున పెరిగిన ఇన్సులిను కండరకణము వెలుపలనున్న గ్రాహకమును తాకగా, లోపల పి.ఐ.3 కైనేజు అను ఎంజైము, అంతవఱకు తన్ను నిరోధించుచున్న నియామకభాగపు పట్టు సడలి, కణత్వచపు లోవైపునకు చేరి, అచ్చటి యొక కొవ్వు అణువునందలి ఇనోసిటాల్ వలయమున మూడవ స్థానమందు ఒక ఫాస్ఫేటును చేర్చును. దాని పని యంతటితో సరి. ఆ గుర్తు నాశ్రయించి ఎ.కె.టి. అను ప్రోటీను త్వచమును చేరి ఉద్దీప్తము కాగా, కణములోపల నిలువయున్న వాహకములు పైకి వచ్చి గ్లూకోజును లోనికి గొనిపోవును.

చేర్చిన ఫాస్ఫేటు సైతము కైనేజుది కాదు, ఏ.టి.పి. అను అణువు ఇచ్చినది. ఆ ఏ.టి.పి.ని 1929లో, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఫిస్కెతో కూడి హార్వర్డు వైద్యకళాశాలయందు కనుగొనగా, అదే యేట జర్మనీయందు లోమన్ వేఱుగా కనుగొనెను. ఆవిష్కరణమునకు సైతము కర్త నొక్కని నిలుపుట దుష్కరమే.

ఇక ఈ వ్యాపారమున కర్త యెవరు? ఇన్సులిను పిలిచినదే గాని చేయలేదు. చేసినది కైనేజే యైనను, అధిష్ఠానమైన త్వచమును చేరనంతవఱకు దాని సామర్థ్యము వ్యర్థము. చేసినదానిని చెఱుపునదియు నొకటి కలదు: 1997లో అర్బుదములందు లోపించిన జన్యువుగా బయల్పడిన పి-టెన్, ఆ మూడవ స్థానపు ఫాస్ఫేటునే తొలగించునని మఱుసటి యేట తెలిసినది. అది లోపించిన కణమున సంజ్ఞ చల్లాఱదు. కొన్ని రొమ్ము అర్బుదములందు కైనేజు జన్యువే వికృతి చెందుటచే, ఆ ఎంజైము పిలుపుకొఱకు వేచియుండక తనంతట తానే పనిచేయును. స్వతంత్రకర్తను పోలినది ఈ వ్యాపారమంతటిలో నాకు కనబడినచో, అది ఈ వ్యాధియందే కనబడినది.

అట్లయిన మానవుడు తన కర్మకు బాధ్యుడు కాడా యని యడుగవచ్చును. గీత కర్తను ఆ యయిదింటినుండి తొలగింపలేదు. విచారణశక్తిగల మానవుని కైనేజుతో సమము చేయుట నాకును సమ్మతము కాదు. అయినను దోషము నొక్కచోట నిలుపవలెనను మన తొందరకు కణము లొంగదు. 2019లో అమెరికాయందు అనుమతి పొందిన అల్పెలిసిబ్ అను ఔషధము ఈ కైనేజును నిరోధించి అట్టి రొమ్ము అర్బుదమును అణచుటకు ఉద్దేశింపబడినది. దానిని సేవించువారిలో రక్తమున చక్కెర పెరుగుట తఱచు, ఏలయన అర్బుదమును పెంచిన కైనేజే ఇన్సులిను పనికిని కరణము.