పాస్‌పోర్టును దీవించే ముందు



ఆదివారం పూజ ముగిశాక గురువు దీవెన కోసం వచ్చేవారి చేతుల్లో జపమాలలు, స్వరూపాలు, కొత్త బండి తాళాలు ఉండటం మామూలే. ఎన్నో ఏళ్ళుగా వాటి పక్కన నీలిరంగు పాస్‌పోర్టు కూడా కనిపిస్తోంది. "ఫాదర్ గారూ, దీవించండి. బుధవారం ఫ్లయిటు" అంటారు. గురువు సిలువ గుర్తు వేసి, తీర్థజలం చల్లి, "దేవుడు తోడుండునుగాక" అని పంపిస్తాడు. నేనూ అలా చాలామందిని పంపించాను.

ఒకసారి కువైట్‌కు ఇంటిపనికి వెళ్తున్న ఒక తల్లి అలాగే వచ్చింది. ఆమె వెనుక ఏడెనిమిదేళ్ళ కూతురు నిలబడి ఉంది. నేను పాస్‌పోర్టును దీవించి, పాప తలమీద చేయి పెట్టి, "అమ్మ నీకు మంచి మంచి బట్టలు పంపిస్తుందిలే" అన్నాను. ఆ పిల్ల నా ముఖంలోకి చూసి, "నేను వద్దన్నాను ఫాదర్, ఎవరూ వినలేదు" అంది. తల్లి కళ్ళు దించుకుంది. నేను నవ్వి మాట మార్చాను. ఆ నవ్వు నన్ను ఈనాటికీ బాధపెడుతూనే ఉంది. ఈ వారం దాని గురించే మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

పొట్టకూటి కోసమో, పిల్లల భవిష్యత్తు కోసమో పుట్టిన దేశాన్ని విడిచి వెళ్ళటం మంచిదా, కాదా? ఈ ప్రశ్నను మీలో చాలామంది నన్ను అడిగారు. అడగకుండానే వెళ్ళినవారు అంతకంటే ఎక్కువమంది.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పుకుందాం. దేశం విడిచి వెళ్ళటం దానంతట అది పాపం కాదు. మన విశ్వాసమే అలా వెళ్ళినవారి చేతుల మీదుగా మనకు అందింది. నేటి ఫ్రాన్సులోని అన్నెసీ నుండి పునీత ఫ్రాన్సిస్ సాలెసు సభ గురువులు 1846లో విశాఖపట్నం చేరారు. వారికీ తల్లులున్నారు, ఊళ్ళున్నాయి. నేడు మన తెలుగు గురువులు, మఠకన్యలు యూరపు, అమెరికా దేశాల్లో సేవ చేస్తున్నారు. వారిని మెచ్చుకుని, పొట్ట చేతపట్టుకుని వెళ్ళే కూలివానిని మాత్రం తప్పుపట్టటం న్యాయం కాదు.

వలస మనవారికి కొత్త కాదు. మన తాతల తరం రంగూను వెళ్ళి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో చాకిరీ చేసింది. 1942లో జపాను సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు ఎందరో కాలినడకన అడవులు దాటుకుంటూ తిరిగి వచ్చారు. 1960లలో అక్కడి సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక మరెందరో వచ్చారు. విశాఖలోని బర్మా క్యాంపు ఆ రోజులకు గుర్తు. 1990 ఆగస్టులో ఇరాకు సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు మన ప్రభుత్వం సుమారు 1,70,000 మందిని స్వదేశానికి చేర్చింది. కట్టుబట్టలతో దిగినవారిలో ఎందరో యుద్ధం ముగిశాక మళ్ళీ అక్కడికే వెళ్ళారు. దీనిని దురాశ అనుకుంటే పొరపాటు. అప్పు అలాంటిది.

అయితే పాపం కానంత మాత్రాన ప్రతి ప్రయాణమూ మంచిదైపోదు. దేవుని తరువాత మనం ఎక్కువగా ఋణపడినది తల్లిదండ్రులకు, పుట్టిన దేశానికి అని పునీత అక్వినాసు తోమాసు గారు బోధించారు. ఆ ఋణం కాలికి వేసిన గొలుసు కాదు. దూరాన ఉండి కూడా తీర్చవచ్చు. కాని ఋణం ఉందన్న సంగతే మరచిపోవటానికి వీలులేదు.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదువుకునే రోజుల్లో సోక్రటీసు కథ చదివాను. క్రీస్తు పూర్వం 399లో ఏథెన్సు నగరంలో ఆయన మరణశిక్షకు ఎదురుచూస్తూ చెరసాలలో ఉన్నాడు. మిత్రుడైన క్రీటో వచ్చి, థెస్సలీకి తప్పించుకు పొమ్మన్నాడు. ఆయన ఒప్పుకోలేదు. ప్లేటో రాసిన ఆ సంభాషణలో నగర చట్టాల గురించి చాలా చర్చ ఉంది. పరీక్ష కోసం దానినంతా కంఠస్థం చేశాను. కాని అందులోనే చివర పిల్లల ప్రస్తావన ఉందని అప్పుడు పట్టించుకోలేదు. పిల్లలను వెంట తీసుకుపోయి పరాయివారిగా పెంచాలా, లేక మిత్రుల చేతుల్లో వదలిపోవాలా అన్న ప్రశ్న అక్కడ కూడా ఉంది. దాదాపు 2,400 ఏళ్ళ తరువాత మన విచారణలో ఒక పసిపిల్ల నా ముందు ఉంచింది ఆ ప్రశ్నే.

ఇక దైవగ్రంథాన్ని చూద్దాం. ఆదికాండము 12వ అధ్యాయంలో అబ్రాము చేసిన రెండు ప్రయాణాలున్నాయి. మొదటిది దేవుని పిలుపు విని చేసినది. దానిని మనం ప్రసంగాల్లో తరచుగా చెబుతాం. రెండవదాన్ని అంతగా చెప్పం. కరువు వచ్చి అబ్రాము ఐగుప్తుకు వెళ్ళాడు. ఆకలితో వెళ్ళాడు, అందులో తప్పులేదు. కాని దారిలో భయపడ్డాడు. తన ప్రాణం కాపాడుకోవటానికి, నా చెల్లెలినని చెప్పమని భార్య సారయికి నేర్పాడు. ఫరో సారయిని తన ఇంటికి తీసుకుపోయాడు. అబ్రాముకు గొఱ్ఱెలు, పశువులు, గాడిదలు, ఒంటెలు, దాసదాసీజనం దక్కాయి. ఆ అధ్యాయంలో సారయి మాట ఒక్కటీ వినిపించదు. ఆమెకు ఇష్టమో కాదో ఎవరూ అడిగినట్లు లేదు. చివరకు దేవుడే కలుగజేసుకుని ఆమెను విడిపించవలసి వచ్చింది.

సోదరులారా, ఈ ఘట్టాన్ని నిదానంగా చదవండి. కుటుంబం బాగుపడింది, పశువులు పెరిగాయి. ఆ లాభానికి మూల్యం చెల్లించింది మాత్రం మరొకరు. మన గోదావరి జిల్లాల నుండి, కడప ప్రాంతం నుండి గల్ఫుకు ఇంటిపనికి వెళ్ళే అక్కచెల్లెళ్ళను తలచుకున్నప్పుడల్లా నాకు సారయి గుర్తుకొస్తుంది. భర్త తాగి చేసిన అప్పు తీర్చటానికి భార్య కువైట్ వెళ్తుంది. తమ్ముడి చదువు కోసం అక్క వెళ్తుంది. ఆమె పంపిన డబ్బుతో మేడ లేస్తుంది. ఆ మేడలో ఆమె నిద్రపోయిన రాత్రులెన్ని?

అందుచేత నేను చెప్పదలచినది ఇదే. వెళ్ళాలా, ఉండాలా అన్నది రెండవ ప్రశ్న. మొదటి ప్రశ్న, ఈ ప్రయాణానికి మూల్యం చెల్లించేదెవరు, వారిని మనం అడిగామా అన్నది. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కచూసుకోడా అని మన ప్రభువు అడిగాడు. మనం విమానం టికెట్టు, ఏజెంటు ఫీజు, వడ్డీ లెక్కచూస్తాం. పసిపిల్ల చదువు, ముసలితల్లి మందులు, భార్యాభర్తల ఎడబాటు ఆ లెక్కలోకి రావు.

"పసిపిల్లను అడిగి నిర్ణయం తీసుకోవాలా ఫాదర్?" అని మీరు అడగవచ్చు. నిర్ణయం పిల్లలది కాదు, పెద్దలదే. కాని అడిగి, విని, కారణం చెప్పి వెళ్ళటం వేరు. చెప్పకుండా వెళ్ళటం వేరు. నేను పైన చెప్పిన పాప ఇప్పుడు పెద్దదైంది, మన గుడి పాటల బృందంలో పాడుతోంది. ఆనాడు నవ్వి మాట మార్చినందుకు కొంతకాలం క్రితం ఆమెను క్షమాపణ అడిగాను. "అమ్మ వెళ్ళినందుకు కాదు ఫాదర్, నేను నిద్రపోతున్నప్పుడు వెళ్ళిపోయింది, అందుకు" అని చెప్పింది. ఆ తల్లి పిల్ల ఏడుపు చూడలేక అలా వెళ్ళింది. ప్రేమతోనే వెళ్ళింది. అయినా ఆ పిల్ల చాలాకాలం తెల్లవారేదాకా నిద్రపోయేది కాదట.

మరొక సందేహం ఇంతకంటే బలమైనది. "అప్పులవాడు గుమ్మంలో కూర్చుంటే ఈ ఆలోచనలన్నీ ఎక్కడివి? ఉండిపోతే మూల్యం ఉండదా? పిల్ల చదువు ఆగిపోతే ఎవరు కడతారు?" నిజమే. ఉండటానికి కూడా మూల్యం ఉంది, అదీ లెక్కలో వేయవలసిందే. "వెళ్ళవద్దు" అని చెప్పే గురువు ఆ అప్పు తీర్చడు. కనుక ఊరక వద్దనే అధికారం నాకు లేదు.

ఈ విషయంలో తల్లి శ్రీసభ బోధ సమతూకంగా ఉంది. 1952లో 12వ పయస్ జగద్గురువులు, ఐగుప్తుకు పారిపోయిన తిరుకుటుంబమే వలస కుటుంబాలన్నిటికీ ఆదర్శమని బోధించారు. 1981లో రెండవ జాన్ పాల్ జగద్గురువులు శ్రమను గూర్చిన విశ్వలేఖలో, మనిషికి స్వదేశం విడిచి వెళ్ళే హక్కు ఉన్నదనీ, తిరిగివచ్చే హక్కు కూడా ఉన్నదనీ రాశారు. వెళ్ళటమైనా ఉండటమైనా స్వేచ్ఛగా ఎన్నుకున్నదై ఉండాలన్నది 2023 వలసదారుల దినానికి ఫ్రాన్సిస్ జగద్గురువులు ఎన్నుకున్న అంశం. హేరోదు కత్తికి భయపడి అర్ధరాత్రి బయలుదేరిన జోజప్ప గారికి ఆ స్వేచ్ఛ లేదు. కాని ఆయన భార్యాబిడ్డలను వెంటబెట్టుకుని వెళ్ళాడు, హేరోదు మరణించాక తిరిగి వచ్చాడు. కువైట్ నగరంలోని మన ప్రధాన దేవాలయానికి తిరుకుటుంబం పేరే ఉంది. అక్కడ మోకరిల్లే మన అక్కచెల్లెళ్ళలో ఎందరి కుటుంబాలు వారి వెంట ఉన్నాయో మీకు తెలుసు.

తిరిగివచ్చే దారి ఉందా అన్నది కూడా ముందే చూసుకోవాలి. ఇక్కడ కాగితాల సంగతి కూడా ధర్మం సంగతే. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటుకు 1983 వలస చట్టం ప్రకారం ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. విజిట్ వీసా మీద వెళ్ళిపో, అక్కడ మార్పిస్తాను అనేవాడి మాట నమ్మవద్దు. వయసు దిద్దిన కాగితంతో వెళ్ళవద్దు. కువైట్‌లో 2015లో వచ్చిన చట్టం ఇంటిపనివారికి రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదని, వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలని చెబుతోంది. చట్టం ఒకటి, మూసిన తలుపుల వెనుక జరిగేది మరొకటి కావచ్చు. అయినా తన హక్కు తెలిసిన మనిషి అడగగలదు, సహాయం కోరగలదు. సరైన కాగితం లేని మనిషికి ఆ అడిగే ధైర్యం కూడా ఉండదు.

ఇదంతా గల్ఫుకే అనుకోకండి. పొలం అమ్మి కొడుకును అమెరికా పంపిన తల్లిదండ్రులు మన విచారణల్లోనూ ఉన్నారు. అక్కడ మూల్యం చెల్లించేది వృద్ధాప్యం. తండ్రి భూస్థాపనను ఫోనులో చూసిన కొడుకులున్నారు. వారిని నిందించను. కాని బిడ్డలారా, వెళ్ళే ముందు అమ్మానాన్నలను ఒక్కమాట అడగండి. "మీకు గర్వంగా ఉందా" అని కాదు, "మీకు జ్వరం వస్తే ఎవరిని పిలుస్తారు" అని అడగండి.

మన విచారణకు కూడా బాధ్యత ఉంది. తల్లి లేని ఇంట్లో పిల్ల జ్ఞానోపదేశానికి రాకపోతే ఉపదేశి గారు వెళ్ళి చూడాలి. మరియదళం సభ్యులు ఒంటరి పెద్దవారి గడప తొక్కాలి. తిరిగివచ్చిన స్త్రీని "అక్కడ ఏం చేసిందో" అని గుసగుసలాడే నోళ్ళు మూతపడాలి. తిరిగి రావటానికి భయపడేలా చేసే నాలుక పాస్‌పోర్టు లాక్కున్న యజమాని చేతికంటే మంచిదేమీ కాదు.

ఇప్పుడు నా దగ్గరకు పాస్‌పోర్టు తెచ్చేవారిని ఇంటిల్లిపాదినీ తీసుకురమ్మంటున్నాను. ఎంతకాలం, ఎంత సంపాదిస్తే చాలు, పిల్లలను ఎవరు చూస్తారు అని అందరి ముందూ అడుగుతాను. ఒకరిద్దరు ఆ ప్రశ్నల తరువాత ఆగిపోయారు. చాలామంది వెళ్ళారు. ముందుగా ఇంట్లో మిగిలేవారి తలమీద చేయి పెట్టి దీవిస్తాను. ఆ తరువాతే పాస్‌పోర్టును.

ఐగుప్తులో పరదేశులై జీవించి, నజరేతుకు క్షేమంగా తిరిగివచ్చిన తిరుకుటుంబం, వెళ్ళిన మీ వారిని, మిగిలిన మిమ్మును కాపాడునుగాక. ఆమెన్.