న్యాయస్థాన సందర్శనము

కోటలను, దేవాలయములను చూడబోవు యాత్రికులు నేడు ప్రసిద్ధములైన న్యాయస్థానములను గూడ చూడబోవుచున్నారు. ఇందు దోషమేమి? విచారణ బహిరంగముగా జరుగవలెనని శాసనమే చెప్పుచున్నది గదా! నిజమే. కాని శాసనము తలుపులు తెరచినది వినోదమునకు గాదు; పదిమంది చూచుచుండగా న్యాయాధిపతి యప్రమత్తుడై యుండుటకు. లండనులోని ఓల్డు బెయిలీ న్యాయస్థానమున నొకప్పుడు జనులు రుసుము చెల్లించి విచారణలు చూచెడివారు. పరుని ప్రాణసంకటము వారికి నాటకమయ్యెను.

నాటకమునకును న్యాయస్థానమునకును గొప్ప భేదము కలదు. మృచ్ఛకటికము తొమ్మిదవ యంకమున చారుదత్తునిపై నేరము మోపబడినపుడు అతడు నిర్దోషియని ప్రేక్షకులెల్లరు నెరుగుదురు. నిజమైన న్యాయస్థానమున చూడవచ్చినవాని కట్టి యెరుక లేదు. అచట సత్యమునకు ముఖ్యమైన దారి సాక్షి నోటిమాట. కావున మనము మొదట చూడవలసినది న్యాయాధిపతి పీఠము గాదు. సాక్షి నిలిచిన చోటు.

ఇందుకు దృష్టాంతము మన సీమయందే కలదు. నాటి గుంటూరు జిల్లాలో, తెనాలికి చేరువనున్న చుండూరున 1991 ఆగస్టు 6న ఎనమండుగురు దళితులు హతులైరి. బాధితులు పట్టుబట్టగా ఆ గ్రామముననే ప్రత్యేక న్యాయస్థానము నెలకొల్పబడెను. 2007 జూలై 31న అది 21 మందికి యావజ్జీవ శిక్షను, 35 మందికి ఏడాది కఠిన శిక్షను విధించెను. 2014 ఏప్రిలు 22న హైకోర్టు శిక్షితులనందరిని నిర్దోషులుగా విడిచిపెట్టెను. ఆ తీర్పుపై సుప్రీంకోర్టున అప్పీళ్లు దాఖలయ్యెను.

రైతు మిరప బస్తాలు ఒక్క రాత్రిలో గుంటూరు యార్డుకు చేరును. పేదవాని మాట తొలి తీర్పును చేరుటకు 16 ఏండ్లు పట్టెను. తీర్పు చెప్పి న్యాయాధిపతి వెడలిపోవును. చూచి యాత్రికుడు వెడలిపోవును. సాక్షియో, తాను వ్రేలెత్తి చూపినవారి యిండ్ల నడుమనే మరునాడు బ్రతుకవలెను. అతని ధైర్యమునకు ఏ గోపురమును లేదు.

అట్టి చోట్లకు పోకుండుటయే మర్యాద యని కొందరందురు. పరుల దుఃఖమును వేడుక చేయరాదన్నది సత్యమే. కాని ఎవ్వరును పోనిచో మరపు మిగులును. మరపు నేరము చేసినవానికే మేలుచేయును. పోవలసినదే. అయితే అచట నిలిచి, 'మన యూర నిట్లు జరిగినచో నేను సాక్ష్యము చెప్పుదునా?' యని ప్రతివాడును తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఆ ప్రశ్న లేని సందర్శనము కాలక్షేపము మాత్రమే.