పని తీరిన ప్రాణికి ఇంట చోటున్నదా?

వాక్యభాగములు: సామెతలు 12:10, 1 సమూయేలు 30:11-15, లూకా 14:12-14



మిక్కిలి లోభియైన వానిని గూర్చి మన పెద్దలు “పిల్లికి బిచ్చము పెట్టడు” అని చెప్పుదురు. ఈ మాటను మనమందరము చిన్ననాటనుండి వినుచున్నాము గాని దాని లోతును తరచుగా ఆలోచింపము. పిల్లికి పెట్టునది పిడికెడు మెతుకులే. అది ఆ ఋణమును తిరిగి తీర్చదు. పదిమందిలో మన పేరు చెప్పదు. మన పిల్లల పెండ్లికి కట్నము చదివించదు. అట్టి ప్రాణికి పెట్టు చేయియే నిజముగా తెరువబడిన చేయి యని మన పూర్వికులు గ్రహించి, ఆ మాటను మనకు విడిచిపోయిరి.

ఇటీవల గృహప్రార్థన కూటములలో ఒక ప్రశ్న మా యొద్దకు వచ్చినది. హైదరాబాదు వంటి పట్టణములలో కొందరు జంతువుల శరణాలయములకు పోయి, అక్కడనున్న ముసలి పిల్లులను ఇంటికి తెచ్చి పెంచుకొనుచున్నారు. పిల్లికూనను తెచ్చుకొన్నయెడల అర్థమున్నది. అది ఆడుకొనును, పెరిగి ఎలుకలను పట్టును. పండ్లు ఊడి, చూపు మందగించి, నేడో రేపో చచ్చిపోవు పిల్లిని తెచ్చుకొనుటలో అర్థమేమి? ఇది దయయా, లేక పట్నపు వేడుకయా? మన విశ్వాసము దీనిని గూర్చి యేమైన చెప్పుచున్నదా? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడుచున్నను దీని వేరు లోతుగా పోయినది గనుక ఈ నెల దీనిని ధ్యానింతము.

ముందుగా సంగతి యేమో తెలిసికొందము. లండను నగరములో 1860వ సంవత్సరమున దిక్కులేని కుక్కల కొరకు ఒక ఆశ్రయము స్థాపింపబడెను. బ్యాటర్‌సీ అను స్థలమున నేటికిని నడచుచున్న ఆ ఆశ్రయము 1883 మొదలుకొని పిల్లులను కూడ చేర్చుకొనుచున్నది. మన హైదరాబాదులో అక్కినేని అమల గారు 1992లో బ్లూక్రాస్ సంస్థను ప్రారంభించిరి. విశాఖపట్టణములో 1996 నుండి అట్టి సేవ జరుగుచున్నది. ఇట్టి చోట్లకు వచ్చువారు సాధారణముగా కూనలనే కోరుదురు. యజమానుడు చనిపోయినందుననో, ఇల్లు మారినందుననో, జబ్బుపడినందుననో విడువబడిన ముసలి పిల్లులు గూటిలోనే మిగిలిపోవును. పది యేండ్లు దాటిన పిల్లిని వైద్యులు ముసలిదిగా లెక్కింతురు. ఇంటిపట్టున జాగ్రత్తగా పెరిగినయెడల అది 15 యేండ్లు, ఒక్కొక్కసారి అంతకు మించియు బ్రదుకును. కాబట్టి ముసలిదనిన పిల్లికి ఇంకను కొన్ని యేండ్ల జీవితము మిగిలియుండవచ్చును.

మాక్లూరు మొదలైన మన గ్రామములలో అట్టి శరణాలయము లేదు. అయితే ఆ శరణాలయమునకు చేరవలసిన పిల్లులు మాత్రము మనకును కలవు. వడ్ల గుమ్మి యొద్దను, పసుపు బస్తాల నడుమను, మక్కల కుప్ప ప్రక్కను ఎలుకలను పట్టి మన పంటను కాపాడినది ఆ పిల్లియే. ముసలిదైన తరువాత దానిని గోనెసంచిలో కట్టి, కాలువ కావలనో మరియొక ఊరి సంతలోనో విడిచివచ్చువారున్నారు. “చంపలేదు గదా, విడిచితిమి” అని సమాధానము చెప్పుకొందురు. ఇంటి గోడల నడుమ పెరిగి, ఇప్పుడు వేటాడ శక్తి లేని ప్రాణిని తెలియని చోట విడుచుట ఆకలికి అప్పగించుటయే. ఆకలి దప్పులచేత బాధపడునట్టి స్థితిలో ప్రాణిని తగిన కారణము లేక విడుచుట నేరమని మన దేశపు 1960వ సంవత్సరపు జంతుహింస నివారణ చట్టము కూడ చెప్పుచున్నది. రాజ్యసభలో దీనికొరకు ముందుగా పాటుపడినవారు రుక్మిణీదేవి అరండేల్ గారు.

ఇప్పుడు మన సహోదరులు అడుగుచున్న ప్రశ్నలను ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది, దేవునికి పిల్లిని గూర్చిన చింత యున్నదా? మన పరిశుద్ధ గ్రంథమందలి 66 పుస్తకములలో ఇంట పెంచు పిల్లిని గూర్చిన మాట యెక్కడను లేదు. ఇది నిజము. అయితే గ్రంథములో పేరు లేనందున దేవుని లెక్కలో లేదనరాదు. విశ్రాంతిదినపు ఆజ్ఞలో ఎద్దును గాడిదను మరువనివాడు, కళ్లము త్రొక్కు ఎద్దు మూతికి చిక్కము కట్టవద్దన్నవాడు, కొద్దిపాటి కాసులకు అమ్ముడుపోవు పిచ్చుకలను లెక్కించువాడు మన దేవుడు. నీనెవె పట్టణమును విడిచిపెట్టుటకు ఆయన యోనాకు చెప్పిన కారణములలో కుడియెడమలు ఎరుగని 1,20,000 మందితోకూడ అక్కడి పశువులును చేరినవి. సామెతలు 12:10 నీతిమంతుని గుర్తు చెప్పుచున్నది. అతడు తన పశువు ప్రాణమును ఎరిగి చూచుకొనును. దాని పనిని గూర్చి గాక దాని ప్రాణమును గూర్చి ఆ వాక్యము మాటలాడుచున్నదని గమనించుడి. పని తీరిపోవును గాని ప్రాణము మిగిలియుండును.

ఇచ్చట మరియొక మాట. ప్రయాణములో పిల్లి యెదురైనయెడల మరల ఇంటికి వచ్చి కాళ్లు కడుగుకొను అలవాటు మన విశ్వాసుల యిండ్లలో కూడ పూర్తిగా పోలేదు. శకునములకు భయపడి, దేవుడు చేసిన ప్రాణిని రాళ్లతో కొట్టుట మనకు తగదు. క్రీస్తు మనలను విడిపించిన భయములలో ఇదియు నొకటి.

రెండవది, ఆకలిగొన్న మనుష్యులుండగా పిల్లికి అన్నము పెట్టుట న్యాయమా? ఇది బరువైన ప్రశ్న. దీనిని తేలికగా కొట్టివేయరాదు. తల్లికి మందు కొనక పిల్లికి పాలు కొనువానిని మేము మెచ్చుకొనము. తన యింటివారిని సంరక్షింపనివాడు విశ్వాసమునే విడిచినవాడని పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో స్పష్టముగా నున్నది. అయితే నిజ జీవితములో ఈ రెండు దయలు ఒకదానినొకటి చంపుకొనునా? చరిత్రను చూడుడి. 1824లో లండను నగరమందు జంతువుల పక్షముగా మొదటి సంఘమును కూర్చినవాడు ఆర్థర్ బ్రూమ్ అను పాదిరి. ఆ పనికొరకు ఆయన తన సంఘ ఉద్యోగమును విడిచి, ఆ సంఘపు అప్పుల నిమిత్తము చెరసాలకు కూడ పోయెను. ఆ సంఘ స్థాపనలో చేరిన మరియొకడు విలియం విల్బర్‌ఫోర్సు. బానిసల వ్యాపారము 1807లో బ్రిటిషు చట్టముచేత నిషేధింపబడువరకు పోరాడినవాడు. బానిసను మరువనివాడే బండి గుఱ్ఱమును కూడ మరువలేదు. దయ అనునది గుమ్మిలోని గింజల వంటిది కాదు, ఒకరికి కొలిచినయెడల మరియొకరికి తగ్గుటకు. అది బావి యూట వంటిది, తోడినకొలది ఊరును. మనము పండుగ దినమున కాల్చివేయు టపాకాయలకును, పెండ్లి భోజనములలో పారవేయు అన్నమునకును అడ్డురాని పేదవాని ఆకలి, పిల్లికి పెట్టు పిడికెడు మెతుకులకు మాత్రమే అడ్డువచ్చుట వింత గాదా?

మూడవది, త్వరలో చచ్చిపోవుదానిని తెచ్చుకొని దుఃఖమును ఎందుకు కొనితెచ్చుకొనవలెను? సహోదరులారా, ఎంతకాలము మిగిలియున్నదో చూచి ప్రేమింపవలెనన్నయెడల మనలో ఎవరిని ప్రేమింపగలము? ముసలి ప్రాణియొక్క చివరి రెండేండ్లు దానికి చిన్న సంగతి కాదు. అవి దానికి మిగిలిన జీవితమంతయు. మరియు ఇందులో ఒక తెలివియు నున్నది. మన నిజామాబాదు జిల్లాలో ఎన్నో యిండ్ల కుమారులు గల్ఫు దేశములకు పోయిరి. ఇంటిలో తల్లియో తండ్రియో ఒంటరిగా నున్నారు. డెబ్బదియేండ్ల తల్లి కూనను తెచ్చుకొన్నయెడల, తాను పోయిన తరువాత దానిని చూచువారెవరను చింత యామెకు మిగులును. ముసలి పిల్లియైనచో అట్టి భారము తక్కువ. అది గంతులు వేయదు, అటకలెక్కి కుండలు పడగొట్టదు. ఎండ పడిన అరుగు మీద ఆమె ప్రక్కనే పరుండును. ఇద్దరు వృద్ధులు ఒకరికొకరు తోడగుదురు. అయితే దీనినిబట్టి కుమారులు ఊరటపడరాదు. పిల్లి తోడుండుట కుమారుడు ఫోనులో మాటలాడుటకు బదులు కాదు.

ఇంతవరకు పిల్లిని గూర్చి మాటలాడితిమి. ఇప్పుడు వేరు యొద్దకు వత్తము. ఒక ప్రాణి విలువను దేనితో కొలువవలెను? పనితో కొలిచినయెడల ఆ కొలత పిల్లి యొద్దనే ఆగిపోదు. చెఱకు బండ్లు లాగిన ఎద్దు యొద్దకు వచ్చును, తరువాత మనుష్యుని యొద్దకును వచ్చును. ఈ సంగతి బోధను ప్రాంతమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. నిజాం కాలమున 1937లో స్థాపింపబడి, ఎన్నో తరములకు అన్నము పెట్టిన చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడెను. నిన్నటివరకు అవసరమైన చేతులు ఒక్క దినమున అవసరము లేనివాయెను. “ఇక నీ పని లేదు” అను మాట వినినవాని గుండె ఎట్లుండునో ఆ శక్కర్‌నగరు ఇండ్లలోని వారు ఎరుగుదురు. వారి చేతిపని నిలిచినంతమాత్రమున దేవుని యెదుట వారి విలువ రవంతయు తగ్గలేదు.

మనకు దగ్గరలోనే దీనికి మరియొక సాక్ష్యమున్నది. మనుష్యులను పిల్లులతో పోల్చుట మా ఉద్దేశము ఎంతమాత్రము కాదు. మనుష్యుడు దేవుని స్వరూపమందు చేయబడినవాడు. అయితే ‘వీరివలన ఇక ప్రయోజనమేమి’ అను లోకపు కొలతను మన పెద్దలు ఎట్లు త్రోసివేసిరో చూడుడి. కుష్ఠురోగము వచ్చినవారిని స్వంత యిండ్లవారే వెళ్లగొట్టిన దినములలో, 1915లో డిచ్‌పల్లియందు వైద్యురాలైన ఇసబెల్ కెర్ అమ్మగారును ఆమె భర్త జార్జి కెర్ గారును వారికొరకు ఆస్పత్రిని స్థాపించిరి. నిజామాబాదు నివాసియైన రాజా నర్సాగౌడు గారు హిందువై యుండియు ఆ పనికి ధనసహాయము చేసిరి. అప్పటికి ఆ వ్యాధిని పూర్తిగా కుదుర్చు మందు లేదు. ఫలితము కనబడక మునుపే ప్రేమ పని మొదలుపెట్టెను. నేడు ఆ వ్యాధిని మాత్రలతో కుదుర్చవచ్చును. ప్రేమ మందుకొరకు కాచుకొని యుండలేదు.

దావీదు చరిత్రలో చదివిన సంగతిని ఇచ్చట జ్ఞాపకము చేసికొందము. ఒక అమాలేకీయుడు తన దాసుడైన ఐగుప్తీయుడు జబ్బుపడినందున పొలములో విడిచిపోయెను. మూడు పగళ్లు మూడు రాత్రులు అతడు అన్నపానములు లేక పడియుండెను. దావీదు మనుష్యులు మొదట అతనికి రొట్టెయు నీళ్లును అంజూరపు ముక్కయు ఎండు ద్రాక్షగెలలును ఇచ్చిరి. అతని ప్రాణము తెప్పరిల్లిన పిమ్మటనే ‘నీవెవడవు’ అని అడిగిరి. తరువాత అతడు వారికి దారి చూపెననుట నిజమే. కాని రొట్టె పెట్టునప్పుడు అది వారికి తెలియదు. అమాలేకీయుడు పనిని చూచెను. దావీదు మనుష్యులు ఆకలిని చూచిరి. ప్రతి యింటి గుమ్మమునందు ఈ ఇద్దరిలో ఒకరి పద్ధతి నడచుచున్నది.

పట్టణమువారు శరణాలయమునుండి పిల్లిని తెచ్చుకొనుటకు దత్తత అను మాట వాడుచున్నారు. ఆ మాట మనకు పరిశుద్ధమైనది. మనము దేవుని యింట పుట్టినవారము కాము; దత్తత చేసికొనబడినవారము. ఆయన మనలో లాభము చూచి ఎన్నుకొనలేదు. యెహెజ్కేలు 16వ అధ్యాయములో పొలమున పారవేయబడిన పసికందును చూచి జాలిపడినవాడు ఆయనే. విందు చేయునప్పుడు తిరిగి పిలువలేనివారిని పిలువుమని లూకా 14లో ప్రభువు సెలవిచ్చెను. ఆ ఆజ్ఞ మనుష్యులను గూర్చినదే. అయినను ఆ ఆజ్ఞయందు శిక్షణ పొందిన చేయి, తిరిగి ఇయ్యలేని మూగప్రాణిని చూచి ముడుచుకొనదు.

కడపట చేయవలసిన పనులు కొన్ని చెప్పుదుము. మీ యింటి పిల్లి ముసలిదైనప్పుడు దానిని విడిచిరావద్దు. మెత్తని ఆహారము కొంచెము కొంచెముగా పెట్టుడి. ఎప్పుడును మంచినీరు దగ్గర నుంచుడి, ఏలయనగా ముసలి పిల్లులకు మూత్రపిండముల జబ్బు ఎక్కువ. ఉల్లి, వెల్లుల్లి కలిసిన కూర పెట్టరాదు. జ్వరమని పారాసిటమాల్ మాత్ర వేయరాదు. అది పిల్లికి విషము. పాలు అనేక పిల్లులకు అరుగవు. ఎలుకలకు విషము పెట్టినప్పుడు చచ్చిన ఎలుకలను పాతిపెట్టుడి. రేబిస్ టీకా వేయించుడి. పిల్లి కరచినను గీరినను ఆ చోటును సబ్బుతో 15 నిమిషములు కడిగి వెంటనే ఆస్పత్రికి పోవుడి. భరింపలేని బాధలో నున్నదానిని పశువైద్యునికి చూపుడి. శక్తి లేనివారు క్రొత్త ప్రాణిని తెచ్చుకొనవలెనను నియమమేమియు లేదు. తెచ్చుకొన్నవారిని చూచి నవ్వకుండిన చాలును.

వృద్ధాప్యమందు నన్ను విడువకుమని 71వ కీర్తనలో భక్తుడు దేవుని వేడుకొనుచున్నాడు. మనమందరము ఒక దినమున ఆ ప్రార్థన చేయవలసినవారమే. ఆ దినము రాకమునుపే, మన గుమ్మములో నున్న ముసలి ప్రాణికి మనము ఇచ్చు ఉత్తరమేదో నిర్ణయించుకొందము. ప్రభువు మన చేతులను తెరచును గాక. ఆమేన్.