సాంబ్రాణి పొగ వెనక్కి ఎందుకు రాదు?



పండుగ దివ్యపూజలో పీఠం వద్ద ధూపం వేస్తారు. కాసేపట్లో ఆ పొగ దేవాలయమంతా అలముకుంటుంది. గుమ్మం దగ్గర నిలబడినవారికి కూడా ఆ పరిమళం అందుతుంది. ఆ పొగ తిరిగి పోగై ధూపకలశంలోకి చేరటం మీలో ఎవరైనా చూశారా? చూడలేదు, చూడబోరు. దాన్ని వెనక్కి రానివ్వని శక్తి ఏదైనా అక్కడ పనిచేస్తున్నదా?

లేదు. పొగలోని ప్రతి రేణువూ గాలి తాకిడికి ఎటుపడితే అటు కదులుతుంది. వెనక్కి రాకూడదని దానికి ఆజ్ఞ ఏమీ లేదు. అడ్డుపడేది కేవలం లెక్క.

రూపాయి బిళ్ళలు ఒక పది తీసుకుని ఎగరవేయండి. అవి పడగల తీరులు మొత్తం 1,024. పదీ బొమ్మలే పడే తీరు ఒక్కటే. అయిదు బొమ్మ, అయిదు బొరుసు పడే తీరులు 252. ఏ బిళ్ళకూ పక్షపాతం లేదు, అయినా కలగాపులగమే నెగ్గుతుంది, దాని వైపు ఓట్లు ఎక్కువ గనుక. బిళ్ళలు వంద అయితే, అన్నీ బొమ్మలే పడటానికి ఉన్న అవకాశం ఒకటి పక్కన ముప్పై సున్నాలు పెట్టినంత సంఖ్యలో ఒక వంతు కూడా కాదు. చిటికెడు సాంబ్రాణిలో అణువులు వందలు కావు, కోటానుకోట్లు!

వేడి దానంతటది చల్లని వస్తువు నుండి వేడి వస్తువుకు పోదని చెప్పిన జర్మన్ శాస్త్రజ్ఞుడు క్లౌసియస్ 1865లో 'ఎంట్రోపీ' అనే మాట పుట్టించాడు. దాని వెనుక ఉన్నది ఈ తీరుల లెక్కేనని చూపినవాడు ఆస్ట్రియా దేశస్థుడు బోల్ట్స్‌మన్. మనం సమాధుల మీద వాక్యాలు చెక్కిస్తాం. వియన్నాలో ఆయన సమాధి మీద ఆ సూత్రమే చెక్కించారు.

"ఫ్రిజ్ నీళ్ళను చల్లబరుస్తోంది కదా ఫాదర్!" అంటారేమో. దాని వెనుక చెయ్యి పెట్టి చూడండి. లోపల లాగిన వేడికి తాను తిన్న కరెంటు వేడి కూడా కలిపి వంటగదిలోకి వదులుతుంది. వరిమొక్క కూడా సూర్యుని ఖర్చు మీదే పెరుగుతోంది.

చెడిపోవటం ప్రకృతి ధర్మమే గనుక మనం చెడితే తప్పేమిటని కొందరు వాదిస్తారు. బిళ్ళకు బొమ్మో బొరుసో ఎంచుకునే స్వేచ్ఛ లేదు, మనిషికి ఉంది. ఆ వాదనకు అంతకుమించి జవాబు అక్కరలేదు.

నన్ను ఎక్కువ బాధించేది రెండో పొరపాటు. చెదిరిపోయేదంతా పాపఫలమేనని అనుకోవటం. ఉండవలసిన మేలు లేకపోవటమే కీడు అని పునీత తోమాస్ అక్వినాస్ బోధించారు. పొగ కలశంలోనే ఉండిపోవాలని ఎవరన్నారు? అది చెదిరింది గనుకనే గుమ్మం దగ్గరి పేదవాడికీ పరిమళం అందింది.

మన దేహమూ అంతే. కణాలకు నిత్యం తగిలే చిన్న చిన్న దెబ్బలను అది బాగుచేసుకుంటూ వస్తుంది. వయసు మళ్ళాక ఆ మరమ్మతు వెనకబడుతుంది. మోకాళ్ళు అరుగుతాయి, చూపు మసకబారుతుంది, మనవల పేర్లు మరపుకొస్తాయి. అప్పుడు చుట్టాలు చేరి, "ఏ పాపం చేసిందో, ఇలా మంచాన పడింది" అని గుసగుసలాడతారు. ఆ ముసలమ్మకు చెవులు ఇంకా బాగానే వినపడుతున్న సంగతి వారికి గుర్తుండదు.

పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఈ ప్రశ్నే అడిగారు. అతడూ కాదు, అతని తల్లిదండ్రులూ కాదు అని ప్రభువు జవాబిచ్చినట్లు యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఉంది. ఆ సువార్తను గుడిలో విని ఇంటికి వచ్చి, మంచం పక్కన నిలబడి మళ్ళీ ఆ ప్రశ్నే అడుగుతున్నాం.