అసలువేనా?

పూసల దండ ఎక్కడ కనిపించినా మన ఆడవాళ్లం ముందుగా అడిగేది ఒకటే — “అసలువేనా?” అసలంటే ఏమిటండీ? మంగళసూత్రం పక్కన బంగారంతో సమంగా కూర్చునే నల్లపూసలు చాలామటుకు గాజువేగా! వాటినెవరూ నకిలీ అనరు. గాజుని పగడమని అమ్మినప్పుడే వస్తుంది తంటా.

దండలు గుచ్చేదాన్ని కనుక ఇంకోమాట చెబుతాను. రాళ్ల గట్టితనాన్ని 10 దాకా లెక్కిస్తారు. స్ఫటికానిది 7; ముత్యానిది 5 కూడా ఉండదు. రెండూ ఒరుసుకుంటే అరిగేది ముత్యమే. అందుకే పూసకీ పూసకీ మధ్య ముడి వెయ్యాలి. దారం తెగినా ఒక్కటే జారుతుంది.

ఆ ముడి ఎవరి కంటా పడదు. వెయ్యకపోతే, కొన్నావిడకి దారం తెగిందాకా తెలియదు. డబ్బు మాత్రం ముందే పుచ్చుకుంటాం. నన్నడిగితే, దండ అసలుదో నకిలీదో చెప్పవలసింది ఆ ముడులే.